పొద్దు చాలని గది

దీవుల్లోని పెద్ద ఊళ్ళో, గోల్ ఘర్ బజారులో, కొండబాబు దుకాణం ముందు సాయంత్రమైతే పదిమంది నిలబడే ఉంటారు. వాళ్ళలో కొనేవాళ్ళు ఇద్దరుంటే గొప్ప. మిగతావాళ్ళంతా చేపను చూడ్డానికి వచ్చినవాళ్ళు. రంగు చేపలూ, పిట్టలూ, కుక్కల బిస్కెట్లూ అమ్మే ఆ దుకాణంలో, అన్నిటికంటే ముందు, మనిషి పడుకుంటే సరిపోయేంత అద్దాల తొట్టిలో ఒక అరోవానా ఈదుతూ ఉంటుంది. ఆ చేపే తన ఇంటి లక్ష్మి అని కొండబాబు నమ్మకం. దాని పేరు రాజా. లక్ష్మికి మగపేరేమిటని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే వాళ్ళకి కొండబాబు సరుకమ్మడు.

ఆ చేపకి మేత వేసేది కొండబాబు భార్య రత్నం. మామూలు రోజుల్లో రొయ్యలు వేసేది. కొన్ని రోజుల్లో మాత్రం వెనక గదిలోకి వెళ్ళి, బొటనవేలంత తోకైనా లేని చిన్న పెంపుడు ఎలుకను, హ్యామ్‌స్టర్‌ను, మెడ మీద చర్మం పట్టుకుని తెచ్చి, జనం చూస్తుండగా తొట్టి మీద వేలాడదీసేది. "గొడ్డుది" అని ఒక్క మాట చెప్పి వదిలేసేది. నీళ్ళు చళ్ళుమనేవి. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లి కూడా లేదు, చెలగాటమంతా ఆవిడదే.

గొడ్డుది అన్నప్పుడు రత్నం ఎలుక వంకా చూసేది కాదు, చేప వంకా చూసేది కాదు. వెనక గుమ్మంలో నిలబడ్డ కోడలి వంక చూసేది.

ఆ కోడలు హిమబిందు. అందరికీ బిందు. డిగ్లీపూర్‌లో వరీ వక్కతోటా చేసుకునే గవరయ్య కూతురు. కొండబాబు ఒక్కగానొక్క కొడుకు ప్రదీప్‌కి ఇచ్చి చేసి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో బిందు నీళ్ళోసుకోలేదు. తనకి పరీక్షలన్నీ చేయించారు, ఏ లోపమూ లేదని పెద్దాసుపత్రిలో చెప్పారు. మరి నువ్వు కూడా ఒకసారి చూపించుకోరాదా అని ఆమె మొగుణ్ణి ఒకే ఒకసారి అడిగింది. ఆ పూట అతను కంచం గోడకేసి కొట్టాడు. పప్పు మరక ఇప్పటికీ గోడ మీదుంది, సున్నం వేసినా పైకి తేలుతుంది.

హ్యామ్‌స్టర్లు మొదట ఆమె చేతిలో లేవు. చెన్నై నుంచి షిప్పులో వచ్చిన రోజు నుంచీ అవి దుకాణంలోనే, పిట్టల పంజరాల పక్కన ఉండేవి. బూడిదరంగు ఒళ్ళు, వీపు మీద నల్లచార, గుప్పెట్లో పట్టే బొద్దుతనం. రత్నం వాటిని బొమ్మెలకలు అనేది. దుకాణంలో ఉన్నన్నాళ్ళూ బొమ్మెలకలు ఆగకుండా ఈనాయి. ఒక ఈత పిల్లలు కళ్ళు తెరిచేసరికి తల్లి మళ్ళీ చూలుతో ఉండేది. దసరాకి కొండబాబు కొత్త తొట్లు తెప్పించాడు. వాటికి చోటు చాలక గూళ్ళన్నిటినీ ఇంటి వెనక రేకుల గదిలోకి మార్చి, "ఖాళీగానే ఉంటావు కదమ్మా, వీటిని నువ్వు చూసుకో" అని కోడలికి అప్పగించాడు. పిల్లల్లేని ఆడది ఖాళీగా ఉంటుందని లోకం లెక్క. ఆ ఇంట్లో వంటా, అంట్లూ, తొట్లు కడగడమూ అన్నీ ఆ ఖాళీలోనే జరిగేవి.

రేకుల గదికి తూర్పున ఒక కిటికీ ఉంది. బల్బు లేదు. హోల్డరు ఎప్పుడో కాలిపోతే బాగు చేయించలేదు. బిందు అక్కడ నేల కడిగి, గూళ్ళలో రంపపు పొట్టు మార్చి, గింజలు కొలిచి పెట్టేది. వాటిని చూస్తే ఆమెకు నిజంగానే ముద్దొచ్చేది. బుగ్గల్లో గింజలు కుక్కుకుని మూటల్లా కూర్చుంటే ఒక్కతే నవ్వుకునేది.

ఆ నవ్వు రెండు నెలలు కూడా నిలవలేదు. కార్తీకం వెళ్ళేసరికి ఒక్కటీ చూలు కట్టలేదు. ఎంత పెట్టినా గింజలు మిగిల్చేసేవి. ఒళ్ళు చిక్కి, చర్మం కింద ఎముకలు చేతికి తగిలేవి. అన్నిటికంటే వింత, వాటి బొచ్చు తెల్లబడింది. ముందు పక్కలు, తరువాత వీపు, చివరికి ఆ నల్లచార కూడా పాలిపోయింది.

"దుకానంలో ఉన్నప్పుడు నల్లగా నిగనిగలాడేవి. నీ సేతికొచ్చినాక ముసిలైపోనాయి" అంది రత్నం, ఒకదాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తూ. "తిండి పెడతన్నావా, నువ్వే తింతన్నావా?"

"పెడుతున్నానత్తా. మిగిల్చేస్తున్నాయి. చూడండి, గిన్నె నిండా ఉంది."

"తినవు, ఈనవు. ఏటంతావు దీన్ని? సేతి వాసి అంతారే గుంటా. కొందరి సెయ్యి తగిలితే మోడు సిగురేస్తాది. కొందరి సెయ్యి తగిలితే కాసే సెట్టు మోడైపోద్ది."

అవే గూళ్ళు, అవే ఎలకలు, అవే గింజలు. మారిందల్లా ఒక్క చెయ్యి. ఎవరు చూసినా అదే అనుకుంటారు, అందులో మాట్లాడ్డానికి లేదు. రాత్రుళ్ళు బిందుకే అనుమానం వచ్చేది. తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకునేది, ఏం కనిపిస్తుందని చూసేదో ఆమెకే తెలియదు.

ఆ వారంలోనే తీర్పు కూడా వచ్చేసింది. రత్నం తమ్ముడికి మాయాబందర్‌లో గౌతమి అనే కూతురుంది. మేనరికం పోయిందని నాలుగేళ్ళుగా రత్నం పళ్ళు నూరుతూనే ఉంది. కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలి కదా. నలుగురిలో చెప్పుకోడానికి ఒక పేరు దొరికేసింది. భోజనాల దగ్గర అందరి ముందూ చెప్పింది.

"ఉగాది దాకా సూత్తాను. ఈలోగా ఒక్క గూట్లో ఒక్కటీనినా సరే, నీ సెయ్యి మంచిదేనని నేనే ఒప్పుకుంతాను, ఇంకెప్పుడూ ఒక్క మాటనను. లేదా, మీ నాన్నకి ఫోన్ సేసి డిగ్లీపూర్ బస్సెక్కు."

కొండబాబు నవ్వాడు. "అరే వాహ్, క్యా బాత్ హై! ఎలకలు తీర్పు చెప్తాయన్నమాట." ప్రదీప్ పెరుగు కలుపుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

ఆ మాట వేళాకోళం కాదని బిందుకు మర్నాడే తెలిసింది. రత్నం గదిలోకి వచ్చి, "ఏది గొడ్డుదో నువ్వే తీసియ్యి. నీకే బాగా తెల్సు" అంది. బిందు కదలకపోతే గూడు మొత్తం ఎత్తబోయింది. అన్నీ పోతాయన్న భయంతో బిందు బాగా చిక్కినదాన్ని వెతికి తీసిచ్చింది. ఆ పూట అన్నం సయించలేదు. రెండోసారి అన్నం తింది. మూడోసారికి ఏదివ్వాలో ముందే ఎంచి పెట్టుకుంది.

ఇలా ఉండగా కొండబాబుకి వేరే భయం పట్టుకుంది. ఈ తెల్లబడ్డం రోగమేమో, దుకాణంలో పిట్టలకీ చేపలకీ అంటుకుంటుందేమో అని. కొడుకునీ కోడలినీ పశువుల డాక్టరు దగ్గరికి పంపించాడు. ఒక అట్టపెట్టెలో ఆడదాన్నీ మగదాన్నీ పెట్టుకుని బిందు స్కూటర్ వెనక కూర్చుంది.

డాక్టరమ్మ వయసులో చిన్నదే. ఆడదాన్ని చూసి పక్కన పెట్టింది. మగదాన్ని వెల్లకిలా తిప్పి, వేలితో పొట్ట కింద నొక్కి చూసి, "వీటిని చీకటిగా ఉండే గదిలో పెట్టారా?" అని అడిగింది.

"చీకటేం కాదు మేడమ్, కిటికీ ఉంది. పొద్దు పోయాక లైటు లేదంతే" అంది బిందు.

"అదే. రోగమేమీ లేదు. ఇవి మంచుదేశం జంతువులు. పగలు పొట్టిగా ఉంటే చలికాలం వచ్చిందనుకుంటాయి. చలికాలంలో పిల్లలు పుడితే బతకవు కాబట్టి పుట్టించడమే మానేస్తాయి. తిండి తగ్గించి చిక్కిపోతాయి. మంచులో కనపడకుండా బొచ్చు తెల్లబడుతుంది. వేడిగా ఉందా చలిగా ఉందా అన్నది వాటికి రెండోమాట. ముందు వెలుగుని చూస్తాయి."

"మన దగ్గర పగలు పొట్టేమిటి మేడమ్?" అన్నాడు ప్రదీప్. "మెయిన్‌ల్యాండ్ వాళ్ళు ఇంకా నిద్రలో ఉండగానే మనకి పొద్దు పొడుస్తుంది. దేశంలో మనంత పొద్దు ఎవరికుంది?"

డాక్టరమ్మ నవ్వింది. "ఇక్కడ పుట్టినవాళ్ళందరూ ఇదే అంటారు. మా నాన్న కూడా. ముందు పొడుస్తుంది నిజమే. ముందే గూకుతుంది కూడా కదా! ఐదు దాటితే చీకటి. పొడవడం ఒక్కటే చూస్తే ఎలా? ఎండాకాలంలో కూడా మన పగలు ఈ జంతువులకి చాలదు. మీ దుకాణంలో రాత్రి తొమ్మిదింటి దాకా ట్యూబులైట్లు వెలుగుతాయి, అందుకే అక్కడ ఈనాయి. పొద్దుగూకాక రోజూ ఎనిమిదీ తొమ్మిదింటి దాకా దీపం పెట్టండి. రెండు మూడు నెలల్లో మామూలైపోతాయి."

బిందుకు ఒక్కసారి ఏడుపొచ్చింది. తన చెయ్యి కాదు. చెయ్యి కానే కాదు. ఆ మాట గట్టిగా అరవాలనిపించింది.

"ఈననివాటిని ఏం చేస్తున్నారు?" అంది డాక్టరమ్మ.

"చేపకి వేస్తున్నాం" అన్నాడు ప్రదీప్.

"మగవాటినా?"

"ఆడవాటిని."

డాక్టరమ్మ మగదాన్ని మళ్ళీ తిప్పి పట్టుకుంది. "ఇటు చూడండి. బీజాలు బఠాణీల్లా ఉండాల్సినవి ఆవగింజలైపోయాయి. వీటిలో ఏమీ లేదు. ఇలాంటి మగాళ్ళని పక్కన పెట్టి ఆడవాటిని చంపుకుంటూ పోతే ఏం లాభమండీ?"

ఆమె మామూలుగానే అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ప్రదీప్ మొహం మాత్రం కందగడ్డయింది. పెట్టె మూసి బయటికి నడిచాడు. దారిలో సముద్రం పక్కన స్కూటర్ ఆపాడు. దిగలేదు, వెనక్కి తిరగలేదు.

"ఈ డాక్టరు మాటలు ఇంట్లో ఎత్తావంటే జెట్టీ మీంచి తోసేస్తాను. సమ్ఝీ?"

"దీపం సంగతి చెప్పొద్దా?"

"దీపం సంగతి చెప్తే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్తే ఇంకొకటి అడుగుతారు. బస్, ఖతం."

అయినా ఆమె ఊరుకోలేదు. ఆ సాయంత్రం డాక్టరు పేరెత్తకుండా, "మామయ్యా, వెనక గదిలో బల్బు వేయిస్తే బాగుంటుందేమో. వాటికి పొద్దు చాలడం లేదేమో" అంది.

కొండబాబుకి అంతకంటే సంతోషమైన ప్రశ్న ఇంకొకటి లేదు. మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన ప్రతి టూరిస్టుకీ అతను ఇదే పాట పాడతాడు. "పొద్దు చాలదా? మన దీవుల్లోనా? పిచ్చితల్లీ, చెన్నైలో కోడి కూయకముందు మనకి టిఫిన్లవుతాయి. హిందుస్తాన్ మొత్తంలో మన పొద్దే పెద్దది! రోజంతా ఎండ కాస్తుంటే ఎలకలకి కరెంటు దీపం పెడతారా ఎవరైనా?" అని దుకాణమంతా వినిపించేలా నవ్వాడు. కొనడానికొచ్చినవాళ్ళు కూడా నవ్వారు. ఐదింటికే అతని నెత్తి మీద ట్యూబులైటు వెలుగుతోంది. అతను ఒక్కసారి తల పైకెత్తి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

బిందు దగ్గర ఒక ఛార్జింగ్ లైటుంది. డిగ్లీపూర్‌లో కరెంటు పోయినప్పుడల్లా ఆ వెలుగులోనే చదువుకుందని, పెళ్ళికి గవరయ్య దాన్ని కూడా సామాన్లలో పెట్టాడు. దాన్ని బయటికి తీసింది. పొద్దుగూకితే అత్తా మామా మొగుడూ ముగ్గురూ దుకాణంలోనే ఉంటారు, తొమ్మిదైతే గానీ ఇంట్లోకి రారు. ఆ వేళంతా బిందు రేకుల గదిలో కిటికీకి గోనెపట్టా కట్టి లైటు పెట్టేది. షట్టరు దించిన చప్పుడు వినగానే ఆర్పేసేది. పగలు వంటింట్లో పప్పుడబ్బాల వెనక ఛార్జింగ్ పెట్టేది. సొంత ఇంట్లో దీపం దొంగతనంగా వెలిగించుకునే కోడలు ఆ ఊళ్ళో ఇంకొకతె ఉండదు.

ఒకనాడు ప్రదీప్ ఏదో మర్చిపోయి మధ్యలో వచ్చాడు. తలుపు సందులోంచి వెలుగు చూసి లోపలికి తొంగిచూశాడు. ఆమె గూడు ముందు గొంతుక్కూర్చుని ఉంది.

"నీకు దణ్ణం పెడతాను, ఎవరికీ చెప్పకు" అంది. "ఉగాది దాకా ఉండనీ. ఈనితే అత్త మాట మీద నిలబడుతుంది. మనం మామూలుగా బతుకుతాం."

అతను లైటునీ ఆమెనీ కాసేపు చూశాడు. "నాకేం కనపడలేదు" అని వెళ్ళిపోయాడు. బిందు ఆ మాటను దయ అనుకుంది. మునిగేవాడికి గడ్డిపోచ కూడా తాడులాగే కనిపిస్తుంది.

మాఘం గడిచేసరికి ఎలకల ఒళ్ళు చేతికి నిండుగా తగలసాగింది. గిన్నెలు ఖాళీ అయ్యేవి. తెల్లబొచ్చు మధ్యలోంచి బూడిదరంగు మొలిచింది, వీపు మీద చార మళ్ళీ గీత గీసింది. బిందు సిగ్గు విడిచి రోజూ మగవాటిని తిప్పి చూసేది. ఆవగింజలు పెసలయ్యాయి, పెసలు బఠాణీలయ్యాయి. నవ్వొచ్చే పనే కానీ ఆమె నవ్వలేదు, తన కాపురం ఎంతకొచ్చిందో అక్కడే కొలుచుకునేది. పండగకి ఇంకా రోజులుండగా ఒక ఆడదాని పొట్ట పక్కలకి ఉబ్బింది. దాన్ని వేరే గూట్లోకి మార్చి మెత్తటి గుడ్డపేలికలు వేసింది. రత్నం చేపమేతకి వచ్చినప్పుడు దాన్ని తన కొంగు కింద దాచి, బదులుగా మరొకదాన్ని ఇచ్చింది. ఇచ్చినదానికి కూడా చూలు ఉందేమోనన్న ఆలోచన తరువాత వచ్చింది. వచ్చినదాన్ని తోసేసింది.

సరిగ్గా అప్పుడే మాయాబందర్ నుంచి గౌతమి దిగింది, చుట్టపుచూపని. ఇరవై ఏళ్ళ పిల్ల, నోరు మూతపడదు. "దీదీ, ఎంత క్యూట్‌గా ఉన్నాయో!" అని గదిలోకొచ్చి, గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు తీసి గూళ్ళన్నిటిలో తన చేత్తో వేసింది. "మా ఊళ్ళో ఇవి లేవు దీదీ. నాకు నేర్పిస్తావా పెంచడం?"

"నేర్పిస్తాలే" అంది బిందు. ఆ పిల్ల మీద ఆమెకు కోపం లేదు. ఎందుకు తెచ్చారో ఆ పిల్లకి కూడా సరిగ్గా తెలియదనిపించింది.

మర్నాడు పొద్దున్నే బిందు తలుపు తీసేసరికి గుడ్డపేలికల్లో ఎర్రగా, పచ్చిమాంసపు ముక్కల్లా, కళ్ళు తెరవని పిల్లలు కదులుతున్నాయి. బిందు అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేసింది. తరువాత కళ్ళు తుడుచుకుని ఇంట్లోకి పరుగెత్తి, "అత్తా, ఈనింది! ఈనిందత్తా!" అని అరిచింది.

అందరూ వచ్చారు. రత్నం వంగి చూసింది. ఆవిడ మొహంలో ఒక్క క్షణం ఏమీ కనిపించలేదు. ఆ తరువాత మొహం విప్పారింది.

"ఓలమ్మ! సూసినారా? ఆర్నెల్లూ ఆరు యుగాలూ ఈ గుంట పెంచితే ఈననిది, నిన్న నా మేనకోడలు సెయ్యి పడిందో లేదో తెల్లారేసరికి ఈనేసింది!" గౌతమి చెయ్యి పట్టుకుని లాగి, అరచెయ్యి అందరికీ చూపించింది. "ఇదీ సేతి వాసంటే! లచ్చిం దేవి సెయ్యిరా ఇది!"

గౌతమి సిగ్గుపడింది. తన అరచేతిని తనే వింతగా చూసుకుంది. "నా చెయ్యా!" అని కిలకిలా నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపొచ్చిందని సామెత. గౌతమి బిందుకు తోడికోడలు కాదు గానీ నవ్వు మాత్రం అదే.

"చెయ్యి కాదత్తా!" అంది బిందు. "నిన్న చెయ్యి వేస్తే ఇవాళ ఈనుతుందా? కడుపులో పెరగొద్దూ? నేను మూడు నెలలుగా దీపం పెడుతున్నాను. పొద్దుగూకాక వెలుగుంటేనే ఇవి ఈనుతాయి. ఇక్కడ పగలు చాలదు వీటికి."

"మళ్ళీ అదే పాట" అన్నాడు కొండబాబు. "బేటీ, మన దీవుల్లో పొద్దు..."

"ఈయన్నడగండి! ఈయన చూశాడు లైటు! డాక్టరమ్మ చెప్పినప్పుడు పక్కనే ఉన్నాడు. ప్రదీప్, చెప్పు. ఒక్కసారి చెప్పు."

అందరూ ప్రదీప్ వంక చూశారు. ప్రదీప్ గౌతమి వంక చూశాడు. ఆ పిల్ల ఇంకా నవ్వు ఆపుకోలేకపోతోంది.

"ఏ లైటు?" అన్నాడు.

బిందుకు లోపల ఏదో పుటుక్కున తెగింది. తెగాక భయం కూడా లేదు. "అయితే మిగతాది కూడా నేనే చెప్తాను. ఆడవాటిలో లోపం లేదంది డాక్టరమ్మ. మగవాటిలోనే ఏమీ లేదంది. నీలాగే చూపించుకోని మగవాటిలో..."

మాట పూర్తి కాలేదు. అతని చెయ్యి చెంప మీద పడింది. ఆమె గూడు మీద పడింది, గూడు నేల మీద పడింది. పిల్లలు పొట్టులో చెల్లాచెదురయ్యాయి. తల్లి ఎలుక కాసేపు అటూ ఇటూ పరుగెత్తింది. తరువాత ఒక పిల్ల దగ్గర ఆగి, రెండు ముందుకాళ్ళతో పట్టుకుని, తల దగ్గర మొదలుపెట్టి తినసాగింది. బెదిరిన హ్యామ్‌స్టర్ అలాగే చేస్తుంది. గౌతమి కెవ్వుమని కళ్ళు మూసుకుంది.

"అదిగో" అంది రత్నం నెమ్మదిగా. "దాని సెయ్యి మళ్ళీ తగిలింది."

ఉగాది పచ్చడి కూడా పెట్టకుండా పంపించేశారు. గవరయ్య వచ్చి, పెద్దల ముందు కూర్చుని, తల వంచుకుని విని, కూతుర్ని తీసుకుపోయాడు. బిందు ఆ ఇంట్లోంచి తన చీరలూ, ఛార్జింగ్ లైటూ తెచ్చుకుంది. డిగ్లీపూర్ దాకా బస్సులో గవరయ్య ఒక్కటే అడిగాడు, "ఆ ఎలక సంగతి నిజమేనామ్మా?" అని. "నిజమే నాన్నా" అంది. "అయితే నీ చెయ్యి మంచిదే" అన్నాడాయన. ఆ మాట ఆమెకు ఆర్నెల్ల ముందు కావలసింది.

పెద్దల్లో తెగతెంపులయ్యాయి. ఎండలు ముదరకముందే ప్రదీప్‌కీ గౌతమికీ పెళ్ళి జరిగింది. బిందు వక్కలు ఒలిచింది, వరి నాటింది, ఎవరైనా జాలిగా చూస్తే లేచి వెళ్ళిపోయింది. రాత్రుళ్ళు ప్రదీప్ చేతికంటే ఎక్కువగా ఆ పిల్ల నవ్వే గుర్తొచ్చేది. తప్పని ఆమెకు తెలుసు. తెలిసినా మానలేదు.

దసరా దగ్గర పడుతుండగా, ఒక సాయంత్రం ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"దీదీ, నేను. గౌతమిని." గొంతు గుసగుసగా ఉంది. "పెట్టెయ్యకు దీదీ, ప్లీజ్. అత్త దుకాణంలో ఉంది, ఎప్పుడొస్తుందో తెలీదు."

బిందు పెట్టెయ్యలేదు.

"దీదీ, ఇవి నా చేతిలో ఈనడం లేదు. మొదట రెండీతలు బాగానే ఈనాయి. ఇప్పుడేమో తిండి మానేశాయి, ఎముకలు తగులుతున్నాయి. బొచ్చు తెల్లబడిపోతోంది దీదీ. నేను పెట్టని తిండి లేదు. అత్త రోజూ వచ్చి ఒకదాన్ని తీసివ్వమంటోంది. నేనే ఎంచి ఇవ్వాలంట. నీ సెయ్యి కూడా అలాంటిదేనా అని అడుగుతోంది. నాకూ ఇంకా ఏమీ కాలేదు కదా, ఆర్నెల్లయింది. బావ నిన్న... బావకి కోపమెక్కువ. నీకు తెలుసు కదా."

"తెలుసు" అంది బిందు.

"నువ్వు ఆ రోజు ఏదో లైటన్నావు. నాకు సరిగ్గా గుర్తు లేదు, నేనప్పుడు పిచ్చిదాన్లా నవ్వుతున్నాను. మామయ్యనడిగితే అదంతా నీ పిచ్చి అన్నాడు. బావనడిగితే లైటూ లేదు గీటూ లేదన్నాడు. నిజం చెప్పు దీదీ, నీ కాళ్ళు పట్టుకుంటాను. లైటు పెట్టాలా?"

సమాధానం బిందు నాలుక చివరనే ఉంది. పెట్టు, తొమ్మిదింటి దాకా ఉంచు, ఎవరికీ చెప్పకు. అంతే. ఆ పిల్ల ఏం పాపం చేసింది? నవ్వింది. ఇరవై ఏళ్ళ పిల్ల తన అరచేతిని పొగిడితే నవ్వక ఏం చేస్తుంది? ఇదంతా బిందు ఆ క్షణంలో ఆలోచించింది, ఆలోచించలేదని ఎవరూ అనడానికి లేదు. ఆ నవ్వు మళ్ళీ చెవిలో వినిపించింది. గూడు ముందు తనొక్కతే గొంతుక్కూర్చున్న సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి. ఏదివ్వాలో ముందే ఎంచి పెట్టుకోవడం కూడా గుర్తొచ్చింది.

"లైటెందుకమ్మా" అంది, గొంతు మెత్తగా చేసుకుని. "అప్పుడేదో బాధలో అన్నాను. మన దీవుల్లో పొద్దు పెద్దది కదా. కిటికీ తెరిచి ఉంచు, చాలు."

అవతల గౌతమి గట్టిగా ఊపిరి వదిలింది. "అంతేనా! మామయ్య కూడా అదే అన్నాడు. థాంక్స్ దీదీ. నువ్వు తిడతావేమోనని ఎంత భయపడ్డానో. నీ మనసు చాలా మంచిది."

బిందు ఫోన్ పెట్టేసింది. ఇంకా ఐదున్నర కాలేదు, అప్పుడే గదిలో మూలలు కనిపించడం లేదు. చావట్లోంచి గవరయ్య, "చీకట్లో కూర్చున్నావేంటమ్మా, ఆ లైటు వేసుకో" అన్నాడు. ఆమె లేచి ఛార్జింగ్ లైటు వేసింది. ఆ వెలుగులో తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది. ఈసారి అందులో ఏముందో ఆమెకు తెలుసు.